మన కాలేజీల వెబ్‌సైట్లలో దొరికిన లోపాలను పంచుకోనివ్వండి

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, మంచిర్యాల ప్రాంతాల్లోని ఇంజినీరింగ్, డిగ్రీ కాలేజీల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, యూనివర్సిటీ రిజిస్ట్రార్లకు, పరీక్షల విభాగం అధికారులకు నమస్కారం.

నేను హనుమకొండలో కంప్యూటర్ సైన్స్ పాఠాలు చెప్పే ఉపాధ్యాయుణ్ని. వెబ్ అప్లికేషన్ సెక్యూరిటీ నా సబ్జెక్టు. ఒకే ఒక్క విషయం అడగడానికి మీకు ఈ లేఖ రాస్తున్నాను. మీ వెబ్‌సైట్లలో, ఫీజు పోర్టళ్లలో, హాజరు యాప్‌లలో ఏ విద్యార్థో లెక్చరరో భద్రతా లోపం కనిపెడితే, మీరు దాన్ని సరిచేసుకున్నాక ఆ సంగతి మిగతా కాలేజీలకు తెలియనివ్వండి. లోపం ఏమిటి, ఎందుకు వచ్చింది, ఎలా బాగుచేశారు అన్నది కాగితం మీద పెట్టనివ్వండి. ఇప్పుడు అలా జరగడం లేదు. లోపాన్ని దొరికిన చోటే గుట్టుగా సర్దేస్తున్నారు. చూసిన పిల్లల నోరు కూడా అక్కడే మూయిస్తున్నారు.

కాలేజీ పోర్టల్‌లో ఏమేం ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాల స్కాన్ కాపీలు, మార్కులు, ఫీజు బాకీ. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం పిల్లలు ఇచ్చే కాగితాలన్నీ అక్కడే ఉంటాయి. ఇవి బయటపడితే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. భూపాలపల్లిలోనో ఆసిఫాబాద్‌లోనో ఉన్న తండ్రికి ఫోన్ వస్తుంది. అమ్మాయి పేరు, హాల్ టికెట్ నంబరు, బ్రాంచి, ఇంకా కట్టాల్సిన ఫీజు ఎంతో కూడా సరిగ్గా చెప్పి, "స్కాలర్‌షిప్ శాంక్షన్ అయింది, ఓటీపీ చెప్పండి" అంటారు. ఇన్ని వివరాలు తెలిసినవాడు కాలేజీ మనిషే అని ఆయన నమ్మడంలో తప్పేముంది? డబ్బు పోయాక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయగలడు, అంతే. ఆ వివరాలు ఎక్కడి నుంచి జారిపోయాయో వెతికేవాళ్లు తక్కువ.

మన వైపు సైట్లలో నాకు ఎక్కువగా ఎదురయ్యేది ఒకే రకం లోపం. విద్యార్థి తన పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్తాడు. ఫీజు రసీదు మీద నొక్కుతాడు. బ్రౌజర్ పైన కనిపించే అడ్రసు చివర తన రోల్ నంబరో, రసీదు నంబరో ఉంటుంది. అందులో చివరి అంకె మార్చి ఎంటర్ కొడితే పక్క విద్యార్థి రసీదు తెరుచుకుంటుంది. వచ్చినవాడు మన విద్యార్థేనా అని సర్వర్ అడిగింది. ఈ కాగితం ఇతనిదేనా అని మాత్రం అడగలేదు. ఆ రెండో ప్రశ్న ప్రతి పేజీలో, ప్రతి డౌన్‌లోడ్ దగ్గర, యాప్ నుంచి వచ్చే ప్రతి రిక్వెస్ట్ దగ్గర అడగాల్సిందే. ప్రోగ్రామర్ 49 పేజీల్లో ఆ తనిఖీ పెట్టి యాభయ్యో పేజీలో మర్చిపోతే ఆ ఒక్క పేజీ చాలు. రోల్ నంబర్లు వరుసగా ఉంటాయి కాబట్టి, చిన్న ప్రోగ్రాం రాసుకున్నవాడికి బ్యాచ్ మొత్తం కాగితాలు ఒక్క రాత్రిలో చేతికి వస్తాయి.

ఈ మాట చెప్పినప్పుడు నాకు రెండు జవాబులు వినిపిస్తుంటాయి. మెనూలో ఆ బటన్ కనిపించకుండా తీసేశాం అంటారు. బటన్ తీసేసినా అడ్రసు పనిచేస్తూనే ఉంటుంది. మాది మొబైల్ యాప్, అడ్రసే కనిపించదు అంటారు. విద్యార్థి ఫోన్‌కూ సర్వర్‌కూ మధ్య ఏం నడుస్తోందో చూపించే బర్ప్ సూట్, జాప్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. సెకండ్ ఇయర్ పిల్లలు కూడా వాడుతున్నారు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. వెబ్ అప్లికేషన్లలో పెద్ద ప్రమాదాలు ఏవో లెక్కగట్టి, సాఫ్ట్‌వేర్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ అనే అంతర్జాతీయ సంస్థ 2003 నుంచి పది అంశాల జాబితా ఇస్తోంది. 2017 జాబితాలో ఈ లోపం అయిదో స్థానంలో ఉంది. 2021కి మొదటి స్థానానికి వచ్చింది. అమెరికాలో ఫస్ట్ అమెరికన్ అనే పెద్ద కంపెనీ సైట్‌లో అడ్రసులోని అంకె మారిస్తే ఇళ్ల కొనుగోళ్లకు సంబంధించిన పత్రాలు ఎవరికైనా తెరుచుకునేవని 2019లో బయటపడింది. అలా తెరిచి ఉన్న రికార్డులు 88 కోట్లకు పైనే. మన ఫీజు రసీదు పేజీలో ఉన్నదీ అచ్చంగా అదే లోపం.

లాగిన్ లాంటి పెట్టెల్లో డేటాబేస్ ఆదేశాలు టైపు చేసి వివరాలు లాగేసే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ సంగతి ఈ రంగంలో అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ రాయను. 1998 డిసెంబర్‌లో ఫ్రాక్ అనే పత్రికలో దాని గురించి రాశారు. వాడుకరి టైపు చేసిన విలువను డేటాబేస్‌కు వెళ్లే ఆదేశంలో (క్వెరీలో) అతికించకుండా విడిగా పంపితే ఆ బెడద పోతుంది. అయినా ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. పుట్టిన తేదీనే పాస్‌వర్డ్‌గా పెట్టడం, ఫోటో అప్‌లోడ్ చేసే చోట ఏ ఫైలు ఇచ్చినా పుచ్చుకోవడం కూడా అంతే.

అసలు నేను చెప్పదలుచుకున్నది వీటి పేర్లు కాదు. మన కాలేజీలు సాఫ్ట్‌వేర్ సొంతంగా రాయించుకోవడం తక్కువ. ఏదో ఒక చిన్న కంపెనీ ఒకసారి పోర్టల్ తయారుచేసి, లోగో మార్చి, రంగు మార్చి, చాలా కాలేజీలకు అమ్ముతుంది. లోపల కోడ్ ఒకటే. ఒక కాలేజీలో రసీదు పేజీకి లోపం ఉంటే, ఆ పోర్టల్ కొన్న ప్రతి కాలేజీలోనూ ఆ పేజీకి ఆ లోపం ఉంటుంది. గొలుసుకట్టు చెరువుల కింద బతికిన ప్రాంతం మనది. పై చెరువుకు గండి పడితే కింది ఊరి నీరటికి కబురు వెళ్లాలి. కబురు రాకపోతే వరద తన కట్ట మీదికి ఎక్కేదాకా అతనికి తెలియదు. మన కాలేజీల మధ్య ఇప్పుడు ఆ కబురు నడవడం లేదు.

కొంతకాలం కింద ఇక్కడి ఒక కాలేజీ విద్యార్థి తన ఫీజు పోర్టల్‌లో సరిగ్గా ఇలాంటి లోపమే చూశాడు. తన ఖాతాతో, అడిగి తీసుకున్న స్నేహితుడి ఖాతాతో మాత్రమే పరీక్షించాడు. మూడో మనిషి కాగితం తెరవలేదు. రెండు స్క్రీన్‌షాట్లు జతచేసి, ఏం చేస్తే సరిపోతుందో కూడా రాసి ఆఫీసుకు మెయిల్ పెట్టాడు. వాళ్ల నాన్నను ఊరి నుంచి పిలిపించారు. టీసీ ఇచ్చి పంపిస్తామన్నారు. ఇంకెప్పుడూ ఇలాంటి పని చేయనని అండర్‌టేకింగ్ రాయించుకున్నారు. స్నేహితుడితోనూ రాయించారు. ఆ తండ్రి నా ఎదుట కూర్చుని, "సార్, మావాడు ఏం దొంగతనం చేసిండు?" అని అడిగాడు. సెలవుల్లో పోర్టల్ బాగైంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

తర్వాతి ఏడాది మరో జిల్లాలోని ఇంకో కాలేజీలో అదే పోర్టల్, అదే పేజీ, అదే లోపం. ఈసారి చూసిన పిల్లలు ఎవరికీ మెయిల్ పెట్టలేదు. అమ్మాయిల ఫోన్ నంబర్లు, మార్కులు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. మొదటి కాలేజీ ఒక్క పేజీ నోట్ రాసి ఇచ్చి ఉంటే ఇది జరిగేది కాదు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. ఈ లేఖ రాయడానికి అదే కారణం.

మీ భయాలు నాకు తెలియనివి కావు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తుంది, కౌన్సెలింగ్ సీజన్ దగ్గర పడుతుంది, పక్క కాలేజీ వాళ్లు దీన్ని ప్రచారానికి వాడుకుంటారు. కానీ లోపం ఉండటం ఏ కాలేజీకీ తలవంపు కాదు. 2024లో మన రాష్ట్ర పోలీసుల హాక్ ఐ యాప్ వివరాలు బయటికి పోయి అమ్మకానికి వచ్చాయి. పోలీసు శాఖకే తప్పనిది పాతిక మంది సిబ్బంది ఉన్న కాలేజీకి తప్పుతుందని ఎవరూ అనుకోరు. చెప్పిన పిల్లవాణ్ని బెదిరించారన్న సంగతే కాలేజీ పేరు చెడగొడుతుంది.

ఇక చట్టం. పిల్లలను బెదిరించేటప్పుడు ఐటీ చట్టం పేరు ఎత్తుతారు కాబట్టి అందులో ఏముందో చెప్పాలి. 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ యజమాని లేదా బాధ్యుడి అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్లడం గురించి మాట్లాడుతుంది. ఆ పనే దురుద్దేశంతోనో మోసపూరితంగానో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మంచి ఉద్దేశంతో లోపం చూపించినవాడికి ఈ చట్టంలో ప్రత్యేకమైన రక్షణ లేదు. అందుకే పిల్లలకు అంత టెన్షన్. కానీ 43వ సెక్షన్ మొదలయ్యేదే అనుమతి అన్న మాటతో. మీ పోర్టల్‌కు బాధ్యులు మీరు. ఆ అనుమతి ఇవ్వగలిగింది మీరే. ఢిల్లీలో చట్టం మారేదాకా ఆగాల్సిన పని లేదు. "మా ఈ సైట్‌ను ఈ హద్దుల్లో పరీక్షించవచ్చు, లోపం చెప్పినవారి మీద ఫిర్యాదు చేయం" అని ప్రిన్సిపాల్ సంతకంతో ఒక పేజీ పెడితే, ఆ హద్దుల్లో ఉన్న విద్యార్థికి చేతిలో కాగితం ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వర్ మీద నడిచే పోర్టల్ అయితే ఆ కంపెనీ అనుమతి కూడా కావాలి. దాన్ని మీరు ఒప్పందంలోనే రాయించుకోవచ్చు.

ఇంకో వైపు నుంచి చట్టం మీ మీదికే వస్తోంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. కీలకమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. తగిన భద్రత పాటించక డేటా పోగొట్టుకుంటే జరిమానా 250 కోట్ల వరకు ఉండొచ్చు. ఉచితంగా లోపం చూపిస్తున్న సొంత విద్యార్థి కంటే మీకు మేలు చేసేవాడు ఎక్కడ దొరుకుతాడు?

ఇది నేను కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. నెదర్లాండ్స్ ప్రభుత్వం లోపాలు బాధ్యతగా చెప్పేవారి కోసం 2013లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. చెప్పినవారికి, డచ్ ప్రభుత్వాన్ని హ్యాక్ చేశానని రాసి ఉన్న టీ షర్టు కూడా పంపుతుంది. అమెరికాలో రక్షణ, నిఘా విభాగాలు మినహా ఫెడరల్ శాఖలన్నీ లోపాలు స్వీకరించే విధానాన్ని ప్రకటించాలని 2020 సెప్టెంబర్‌లో ఆదేశం వచ్చింది. మంచి ఉద్దేశంతో చేసిన పరిశోధన మీద కేసు పెట్టబోమని అక్కడి న్యాయశాఖ 2022 మేలో ప్రకటించింది. మన దేశంలో సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్ ఇన్ 2004 నుంచి పనిచేస్తోంది. సైట్ యజమాని స్పందించకపోతే మధ్యలో నిలబడి మాట్లాడే ఏర్పాటు దానికి ఉంది. అలా మాట్లాడేది ఒకటి ఉందని మన కాలేజీల్లో చాలామందికి తెలియదు, ఇది క్లాసులో చెప్పాల్సిన విషయం.

"బయట పెడితే దొంగలకు దారి చూపినట్టే కదా" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2017లో ప్రజల అప్పుల చరిత్ర భద్రపరిచే అమెరికా కంపెనీ ఈక్విఫాక్స్ విషయంలో జరిగింది అదే. స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో లోపం మార్చిలో ప్రకటించారు, మరమ్మతు కూడా అప్పుడే ఇచ్చారు. ఈక్విఫాక్స్ ఆ మరమ్మతు వేసుకోలేదు. మే నుంచి దాడి చేసినవాళ్లు లోపల తిరిగారు. దాదాపు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి. ప్రకటించడం వల్ల కొంత ప్రమాదం ఉందన్నది నిజం. అందుకే నేను అడుగుతున్నదానికి ఒక వరుస ఉంది. మొదట మీకే చెప్పాలి. మీరు బాగుచేయాలి. తర్వాత అదే పోర్టల్ వాడే కాలేజీలకు బయటికి పొక్కకుండా కబురు వెళ్లాలి. వాళ్లూ బాగుచేసుకున్నాకే అందరికీ కనిపించేలా రాయాలి. గూగుల్‌లోని ప్రాజెక్ట్ జీరో బృందం 2014 నుంచి 90 రోజుల గడువు పాటిస్తోంది. మన కాలేజీలకు సెమిస్టర్ పరీక్షలు, అడ్మిషన్ల గొడవ ఉంటాయి కాబట్టి ఇంకాస్త ఎక్కువ పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. గడువు అంటూ ఉండాలి. గడువు లేని రహస్యం ఎవరికీ ఉపయోగపడదు.

ప్రాజెక్టుల సంగతి కూడా రాయకుండా ఉండలేను, ఎందుకంటే ఇది మన చేతిలో పూర్తిగా ఉన్న విషయం. ఏటా ఫైనల్ ఇయర్‌లో "మెషీన్ లెర్నింగ్‌తో వెబ్ దాడుల గుర్తింపు" అనే ప్రాజెక్టులు వస్తూనే ఉంటాయి. వాటిలో చాలా వాటికి కోడ్ అమీర్‌పేట నుంచో, ఇక్కడి ప్రాజెక్టు సెంటర్ల నుంచో వస్తుంది. అందులో వాడే డేటాసెట్ తరచూ 2010లో స్పెయిన్ పరిశోధకులు ఒక ఆన్‌లైన్ దుకాణం నమూనా మీద తయారుచేసినది. మన పిల్లలు స్పానిష్ దుకాణానికి వచ్చిన రిక్వెస్టుల మీద మోడల్ నడిపి 99 శాతం కచ్చితత్వం అని రాస్తారు. రివ్యూ, వైవా అయిపోతాయి. బైండింగ్ చేసిన పుస్తకం డిపార్ట్‌మెంట్ బీరువాలోకి వెళ్తుంది. వాళ్ల సొంత కాలేజీ పోర్టల్‌కు రోజూ ఎలాంటి రిక్వెస్టులు వస్తున్నాయో ఒక్కరూ చూడలేదు, ఎందుకంటే చూడనివ్వలేదు. పేర్లు, నంబర్లు తీసేసి సర్వర్ లాగ్‌లను, అంటే వచ్చిన ప్రతి రిక్వెస్టు నమోదయ్యే రికార్డులను, పిల్లల చేతికి ఇవ్వండి. పోర్టల్ కాపీని కల్పిత వివరాలతో ల్యాబ్‌లో పెట్టించండి. ఇక్కడి సాఫ్ట్‌వేర్‌లో నిజంగా ఏ తప్పులు జరుగుతున్నాయో చెప్పే నలభై పేజీల రిపోర్టు, ఆ కొన్న కోడ్ కంటే ఎన్నో రెట్లు విలువైనది. దానికి మార్కులూ అలాగే వేయండి. నిజమైన పని చేసినవాడికి 70, కొనుక్కొచ్చినవాడికి 90 వేస్తే ఏ పిల్లవాడైనా ఎటు వెళ్తాడు?

ఆ రిపోర్టుతో పాటు రెండు పేజీలు తెలుగులో ఉండాలని కూడా నా కోరిక. పోర్టల్‌ను రోజూ నడిపేది ఆఫీసులో కూర్చున్న కంప్యూటర్ ఆపరేటర్. దాన్ని రాసింది చాలాసార్లు మన దగ్గరే డిగ్రీ చదివి, నేర్చుకున్నదాంతో నెట్టుకొస్తున్న కుర్రాడు. ఇంగ్లిష్ రీసెర్చ్ పేపర్ వాళ్ల దాకా వెళ్లదు. "రసీదు తెరిచే ముందు ఆ రసీదు ఈ విద్యార్థిదేనా అని ఇలా చూడాలి" అని కోడ్‌తో సహా తెలుగులో ఉంటే వెళ్తుంది.

విద్యార్థుల వైపు కూడా హద్దులు ఉండాలి, వాటిని నేను క్లాసులో చెబుతూనే ఉంటాను. సొంత ఖాతాతో, ఒప్పుకున్న స్నేహితుడి ఖాతాతోనే చూడాలి. ఇతరుల కాగితం తెరుచుకుందని తెలిసిన మరుక్షణం ఆగిపోవాలి, కాపీ చేసుకోకూడదు. సర్వర్‌ను ముంచెత్తే పరీక్షలు చేయకూడదు. ఫలితాలు వచ్చే రోజున, ఫీజు చివరి తేదీన ముట్టుకోకూడదు. డబ్బు అడగకూడదు. నేర్చుకోవడానికి జ్యూస్ షాప్, వెబ్‌గోట్ లాంటివి ఉన్నాయి, కావాలనే లోపాలతో తయారుచేసిన ఉచిత అప్లికేషన్లు. వాటిని సొంత ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని ఎంత పగలగొట్టినా అడిగేవాళ్లు లేరు. ఈ హద్దులు దాటినవాడి తరఫున నేను మాట్లాడను.

మిమ్మల్ని అడిగే పనులు పెద్దవి కావు. మీ సైట్‌లో సెక్యూరిటీ డాట్ టీఎక్స్‌టీ అనే చిన్న ఫైలు పెట్టండి. లోపం దొరికితే ఎవరికి చెప్పాలో అందులో ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 9116 అనే ఇంటర్నెట్ పత్రంగా దానికి ప్రమాణం కూడా వచ్చింది. ఆ చిరునామాకు వచ్చిన మెయిల్ చదివే మనిషిని పెట్టండి. అతను డిసిప్లిన్ కమిటీలో ఉండకూడదు. కొత్త సాఫ్ట్‌వేర్ ఒప్పందంలో, దొరికిన లోపాన్ని గడువులోపు సరిచేయాలని, అదే పోర్టల్ కొన్న మిగతా కాలేజీలకు కంపెనీయే చెప్పాలని ఒక షరతు రాయించండి. కంపెనీలు మొదట ఒప్పుకోవు. పది కాలేజీలు కలిసి అడిగితే ఒప్పుకుంటాయి.

నిట్ వరంగల్‌కు, కాకతీయ యూనివర్సిటీకి ప్రత్యేకంగా ఒక విన్నపం. 1959లో దేశంలో మొదటి ఆర్‌ఈసీ (ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీ)గా మొదలైన సంస్థ ఒకటి, 1976 నుంచి ఈ జిల్లాల కాలేజీలకు పెద్దదిక్కుగా ఉన్నది ఇంకొకటి. చిన్న కాలేజీ తనకు తానుగా లోపం చెప్పుకోవడానికి జంకుతుంది. మీరు పిలిస్తే వస్తుంది. సెమిస్టర్‌కు ఒకసారి మీ సెమినార్ హాల్‌లో కూర్చోబెట్టండి. ప్రెస్ వద్దు, ఫ్లెక్సీలు వద్దు. పోర్టల్ నడిపే ఆపరేటర్లు, లెక్చరర్లు, లోపాలు చూసిన పిల్లలు ఉంటే చాలు. మొదటి సమావేశానికి నా విద్యార్థులతో సహా నేను వస్తాను. కాలేజీ పేరు తీసేసి, అప్పటికే బాగైపోయిన ఆ ఫీజు రసీదు లోపాన్ని అందరి ముందు వివరంగా చూపిస్తాను. అండర్‌టేకింగ్ రాసిచ్చిన ఆ అబ్బాయి ఇప్పుడు హైదరాబాద్‌లో ఇదే పని ఉద్యోగంగా చేస్తున్నాడు. ఆ రోజు వచ్చి మాట్లాడతానని మాటిచ్చాడు. తేదీ మీరు చెప్పండి.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సైన్స్ ఉపాధ్యాయుడు,
హనుమకొండ